మచ్చాకు కట్ట

వరంగల్,
24 మే 1976

ఫాతిమా ఆపాకు చెల్లెలు సుల్తానా సలాం.

ముందు నా రాతకు మాఫీ చేయి. ములుగు బడిలో నన్ను నాలుగుతోనే ఆపేశారు, నువ్వు ఏడు దాకా చదివావు. నా ఒత్తులు ఉండవలసిన చోట ఉండవు. గీతల కాగితం మీద రాసినా నా వరసలు వాగులా వంకర పోతాయి. బీడీలు చుట్టే వేళ్ళకు పెన్ను బరువు. తప్పున్న చోట నువ్వే దిద్దుకొని చదువుకో.

మేము బాగున్నాము. పాపకు కింది పళ్ళు రెండు వచ్చాయి. నిన్న నా చాటలోని ఎర్ర దారం ఉండ కొరికి నోరంతా రంగు చేసుకుంటే, రక్తమనుకొని అత్తమ్మ గల్లీ అంతా వినబడేలా అరిచింది.

అసలు సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది. మొన్న మా ఇంటాయన గోదాం నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా, "అమ్మా, పాకిస్తాన్‌తోని వ్యాపారం తెరుస్తాండ్రట! మన ఆకు కరాచీకి పోతది!" అన్నారు. ఆయన లెక్కలు రాసేది కిషన్ రావు గారి బీడీల తునికాకు గోదాంలోనే కదా. అరవై ఐదు యుద్ధంలో మూసిన తలుపట అది. పోయినేడు నుంచి సర్కారుకూ సర్కారుకూ మధ్య కొంత అమ్మకం నడుస్తోందట గాని, ఇకమీదట కిషన్ రావు గారి వంటి మామూలు వ్యాపారులు కూడా సరుకు పంపుకోవచ్చట. రైలు కూడా వేస్తారట.

ఆ మాట వినగానే అత్తమ్మ బియ్యం చాట కింద పెట్టి, "నా మెహరూ, నా బిడ్డా" అని ఏడ్చింది. ఎవరో చచ్చిపోయిన పిల్ల అనుకున్నాను. ఆయన్ని అడిగితే కాళ్ళు కడుక్కుంటానని నల్లా దగ్గరికి పోయారు. తెల్లారి మా పక్కింటి మల్లక్కను అడిగాను. నాతోపాటు అరుగు మీద కూర్చొని బీడీలు చుడుతుంది, ఈ గల్లీ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.

"నీకు ఎరుక లేదా పిల్లా? మీ ఆయినె మేనత్త బిడ్డ మెహరున్నీసా. ఆ పిల్ల పుట్టిననాడు మీ అత్త ఠీకరాల రూపాయి ఏసింది" అంది.

ఠీకరా అంటే పురిటి గదిలో మంత్రసాని ముందు పెట్టే మట్టి చిప్ప. మన ఊళ్ళో ఈ ఆచారం లేదు గాని వీళ్ళలో ఉంది. ఆడపిల్ల పుట్టిన రోజున ఆ చిప్పలో ఎవరు వెండి రూపాయి వేస్తే, ఆ పిల్ల వాళ్ళ కొడుకుదే. తరువాత ఆ మేనత్త, మా ఆయన ఫూఫీ, పసిపిల్లను తీసుకొని, ముందే వెళ్ళిపోయిన మొగుడి దగ్గరికి కరాచీ పోయింది. యుద్ధం దాకా ఉత్తరాలు వచ్చాయట. తరువాత ఆగిపోయాయి. ఇంకో యుద్ధం వచ్చింది. బతికి ఉన్నారో లేదో తెలియక చూసి చూసి, చివరికి నన్ను చేసుకున్నారు.

ఆపా, నా నిఖా అబ్బా కుదిర్చాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కుదిర్చింది ఆ మూసిన తలుపు. ఇప్పుడు దాన్ని తీస్తున్నారు.

కరాచీలో సముద్రం ఉందట. ఆ మెహరున్నీసా ఉర్దూ అత్తరులా ఉంటుందని అత్తమ్మ చూడకుండానే చెబుతోంది. నేను నోరు తెరిస్తే మాత్రం ములుగు అడివి వినబడుతుందట.

మల్లక్క ఏడుపు మల్లక్కది. "మంచాకంత కరాచీకి పోతే మనకు చిల్లులాకు మిగులుతది. గా ఆకుతోని చుడితే కార్ఖానల సగం పారేస్తరు" అంటోంది. నాకు ఆకు ఫికర్ లేదు, ఆయన ఫికరే.

అందుకే నీతో పని పడింది. కరాచీ వాళ్ళకు చూపించే నమూనా కట్టలు మీ ఊరి ఆకు కల్లం నుంచే తెప్పిస్తున్నారు, బావ చేతి మీదుగా. ఆ కట్టల్లో మచ్చాకు పెట్టు ఆపా. పైకి రెండు మంచివి, లోపలన్నీ మచ్చలవి. ఆకు నచ్చకపోతే బేరం ఉండదు. బేరం లేకపోతే ఆయనకు కరాచీతో పనేముంది?

ఇది చదివిన వెంటనే పొయ్యిలో పెట్టు. బావ కంట పడితే నేను మీ ఇంటికి మళ్ళీ రాలేను.

నీ చెల్లెలు
సుల్తానా

*

ఏటూరునాగారం,
6 జూన్ 1976

పిచ్చి సుల్తానాకు ఆపా దీవెనలు.

మొగుడేమన్నా సైకిలా, ఎవరో ఎక్కి తొక్కుకుంటూ పోవడానికి? ఎన్నడూ చూడని మనిషి కోసం నిద్ర మానుకున్నావని నీ రాత చూస్తేనే తెలిసింది.

ఇక్కడ ఆకు పని ముగియవస్తోంది. ఈసారి వాన ముందే పడేలా ఉంది. కల్లంలో ఆరబెట్టిన కట్టలు తడిస్తే నల్లబడతాయని మీ బావ మబ్బు కనబడితే చాలు పరుగు పెడుతున్నాడు. కోయపల్లెల నుంచి ఆడవాళ్ళు ఆకు తెచ్చి పోస్తున్నారు. చిలుకమ్మ అనే ఆమె నిన్న మీ బావను పట్టుకొని, "మీ ఆకు దరియా దాటి పోతదట గదా, మా కూలి వాగన్న దాటుతదా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మీ బావ నవ్వలేదు.

నాకూ ఆ వ్యాపారం మీద ఆశ ఉంది సుల్తానా, దాచడమెందుకు. మీ బావకు ఆకు పని రెండు నెలలే. మిగతా ఏడాదంతా బస్టాండులో మూటలెత్తుతాడో, జీపుల మీద పోతాడో ఏ రోజుకు ఆ రోజే. కరాచీ బేరం కుదిరితే కిషన్ రావు గారు ఇక్కడే గోదాం పెడతారట. అప్పుడు మీ బావ ఖాజా మొహినుద్దీన్ అనే మనిషికి ఏడాది పొడుగునా కుర్చీ ఉంటుంది.

నీ ఉత్తరం సంగతి. సగం చదువుతుండగానే మీ బావ లోపలికి వచ్చాడు. నువ్వు కాల్చమన్నావని ఆ కంగారులో పొయ్యిలోకి తోసేశాను, రెండోసారి చూడనే లేదు. ఇప్పుడు సరిగా జ్ఞాపకం రావడం లేదు. మచ్చాకు పెట్టమన్నావా, మచ్చాకు లేకుండా చూడమన్నావా? లారీ అవతల హారన్ కొడుతుంటే నాకు తోచినట్టు కట్టి పంపాను.

పాపకు పళ్ళొచ్చేటప్పుడు విరేచనాలవుతాయి, జర చూసుకో.

ఫాతిమా

*

వరంగల్,
11 ఆగస్టు 1976

ఆపాకు,

నా రాత ఈసారి ఇంకా పాడుగా ఉంటుంది, కోపంతో రాస్తున్నాను. నీకు తోచింది ఏమిటో నాకు తెలిసింది. ఎట్లా తెలిసిందో విను.

సర్కారు అనుమతులు వచ్చేదాకా నమూనా ఆకు గోదాంలోనే ఉంది. పోయిన వారం ఆయన ఒక కట్ట ఇంటికి తెచ్చారు. ఉత్త ఆకు పంపితే చాలదు, అది ఎట్లా చుట్టుకుంటుందో కూడా చూపించాలని కిషన్ రావు గారన్నారట. "మా ఇంట్లనే చుట్టేటామె ఉంది" అని మా ఆయనే చెప్పుకొని వచ్చారట. ఫూఫీ కొడుకు కరాచీలో ఒక బీడీ కార్ఖానాలో మేస్త్రీ అట. ఈయన అడ్రసు సంపాదించి రాశారు, జవాబు వచ్చింది, నమూనా అక్కడికే పోతుంది.

సరే, చెడగొట్టే పని నా చేతికే వచ్చింది కదా అనుకున్నాను. తడి గోనెపట్టలో చుట్టి ఉంచిన ఆకు విప్పాను. ఒక్క మచ్చ లేదు. పట్టు గుడ్డలా మెత్తగా, ఈనెలు కంటికి ఆనకుండా ఉంది. నాలుగేళ్ళుగా కార్ఖానా వాళ్ళిచ్చే చిల్లులాకు అతుకులేసి చుట్టిన చేతులు నావి. వదులుగా చుడదామని కూర్చున్నాను. చేతులు నా మాట వినలేదు ఆపా. కత్తెర దానంతటదే తిరిగింది, కొస దానంతటదే మడత పడింది. నా జన్మలో అంత మంచి బీడీలు చుట్టలేదు.

ఆయన ఒకటి వెలుతురుకు పెట్టి చూశారు. "నీ చేతుల గింత పనితనముందా? నాకెరుకనే లేదు" అన్నారు. పెళ్ళయ్యాక నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ చేత్తోనే కట్ట కట్టి కరాచీకి పంపారు. మెచ్చింది నన్ను, సరుకు ఆమెకు.

ఇంకోటి. ఫూఫీకి ఫోటో పంపాలని నన్నూ పాపనూ స్టూడియోకు రమ్మన్నారు. పరాయి మగవాడు నల్లగుడ్డలో తల దూర్చి చూస్తుంటే ఎదురుగా ఎట్లా కూర్చోను? తలనొప్పి అన్నాను. "జర్రసేపే గదా" అని బతిమాలారు. నేను లేవలేదు. కొత్త చొక్కా వేసుకొని పాపను ఎత్తుకొని ఆయనే పోయారు. అంత కొత్త చొక్కా ఎవరు చూడాలని?

వాళ్ళ ఉత్తరాలు ఉర్దూలో వస్తాయి. నేను ఖురాన్ కూడబలుక్కుంటాను గాని ఆ గొలుసు రాత నాకు రాదు. ఆయన చదివి వినిపిస్తుంటే అత్తమ్మ నన్ను చాయ్ పెట్టమని పంపుతుంది. చాయ్ తెచ్చేసరికి ఉత్తరం జేబులో ఉంటుంది.

నువ్వు మరచిపోలేదు ఆపా. బావకు కుర్చీ కోసం నా కాపురాన్ని ఆ కుర్చీ కాళ్ళ కింద పెట్టావు. అల్లా చూస్తున్నాడు.

దీన్ని కూడా కాల్చు. ఈసారైనా పూర్తిగా చదివి కాల్చు.

సుల్తానా

*

ఏటూరునాగారం,
27 ఆగస్టు 1976

సుల్తానాకు,

కాల్చాను. ఒక్క మాట మాత్రం కాలలేదు, కుర్చీ కాళ్ళ కింద పెట్టానన్న మాట.

అవును, మరచిపోలేదు. అబద్ధం రాశాను. నువ్వు చెప్పినట్టే మచ్చాకు ఏరి ఒక కట్ట కట్టాను. నార ముడి వేస్తుంటే నా చిన్నవాడు వచ్చి, "అమ్మీ, అబ్బా ఇగ ఊరు పోడట గదా, గీన్నే ఉంటడట గదా" అన్నాడు. ముడి విప్పేశాను. ఆ కట్ట తెచ్చి మా ఇంటి చూరులో పెట్టాను. ఇంకా అక్కడే ఉంది.

నువ్వు అసూయ గురించి నాకు చెబుతున్నావు. నీ మొగుడు రోజూ దీపాల వేళకు ఇంటికి వస్తాడు. నీ వాకిట్లో నల్లా ఉంది, తిప్పితే నీళ్ళొస్తాయి. పోయిన రంజాన్‌కు మీ ఇంటికి వచ్చి పోయాక నేను నాలుగు రోజులు మీ బావతో సరిగా మాట్లాడలేదు, నీకు తెలుసా? ఆ నల్లా చప్పుడు చెవిలో ఉండిపోయింది. అయినా నీ నల్లా చెడగొట్టమని నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు.

ఇది కాల్చనక్కరలేదు. ఉంచుకొని అప్పుడప్పుడు చదువుకో.

ఫాతిమా

*

వరంగల్,
10 జనవరి 1977

ఫాతిమా ఆపాకు,

ఇన్ని నెలలు రాయలేదు. రాతకు కాదు, ఈసారి మాటకు మాఫీ అడుగుతున్నాను. నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నల్లా తిప్పినప్పుడల్లా నువ్వే గుర్తుకొస్తున్నావు. కాని ఇప్పుడు నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

వాళ్ళు వస్తున్నారు. ఫూఫీ, ఆ మెహరున్నీసా. వీసాలు దొరికాయట, ఈ వారంలోనే ఢిల్లీ బండిలో కాజీపేటలో దిగుతారు. అత్తమ్మ ఇల్లంతా సున్నం వేయించింది. పెట్టెలో నుంచి ఎర్ర జరీ దుపట్టా తీసి ఎండలో ఆరేసింది. అది నా నిఖాకు కూడా తీయలేదు. "ఎవరికత్తమ్మా?" అంటే, "పురుగు పట్టకుండ ఆరేసిన" అంది.

ఆయన ఏమీ చెప్పరు. "ఫూఫీ వస్తాంది, మంచిగ చూసుకో" అంటారు. మంచిగా చూసుకోవలసింది ఎవరినో అడగడానికి నాకు నోరు రాలేదు. మన మతంలో ఇంకొకరిని చేసుకోవడం తప్పు కాదు కదా. మల్లక్క, "మీకు నాలుగు దాక చెల్లుతయి గదనే" అని నవ్వింది. తను నవ్వులాటకే అన్నది. నాకు ఆ పూట బీడీల లెక్క తప్పింది.

నేనేం చేయాలో వెంటనే రాయి. ఎప్పటిలాగే కాల్చు.

సుల్తానా

*

(పోస్టుకార్డు)

ఏటూరునాగారం,
17 జనవరి 1977

సుల్తానా, పోస్టాఫీసులో కవర్లు అయిపోయాయన్నారు, కార్డే రాస్తున్నాను. ఆ కరాచీ ఆడదాన్ని గడప తొక్కనీయకు. తొక్కితే నీ చాట ముట్టనీయకు, నీ మొగుడు లియాఖత్‌ను ఆమె ఎదుట కూర్చోనీయకు. సిగ్గుపడి మూలకు నిలబడితే నీకు ఆ మూలే మిగులుతుంది. మరీ ఎక్కువైతే పాపను ఎత్తుకొని ములుగు బస్సెక్కు, బావను అక్కడికి పంపుతాను. ఏడవకు. చదివి కాల్చెయ్యి.
ఫాతిమా

*

వరంగల్,
2 ఫిబ్రవరి 1977

ఆపా,

నీ కార్డు అందింది. నాకు కాదు, మా గల్లీకి. అది ముందు చెబితే నీకు అర్థం కాదు, మొదటి నుంచి రాస్తాను. చేతిరాతను పట్టించుకోకు, చాలా రాయాలి.

కాజీపేట స్టేషన్‌కు అందరం పోయాము. నేను పాపను ఎత్తుకొని అత్తమ్మ వెనక నిలబడ్డాను. ఫూఫీ బండి దిగి అత్తమ్మను పట్టుకొని ఏడ్చింది. తరువాత పాపను నా చంక నుంచి తీసుకొని ముద్దు పెట్టుకొని, నా వైపు చూసి, "గీ పిల్ల ఎవరు వదినా? బిడ్డను మంచిగ సాకుతాంది. జీతమెంతిస్తాన్నరు?" అంది.

నన్ను పనిపిల్ల అనుకుంది ఆపా. అత్తమ్మ ప్లాట్‌ఫారం వైపు చూస్తూ, "లియాఖత్ పెండ్లాం" అంది.

ఫూఫీ ముఖం సున్నంలా అయింది. "పెండ్లామా? ఆమె పోయింది గదా?" అంది.

సంగతి ఇంటికి వచ్చాక బయటపడింది. ఫూఫీ సంచిలో నుంచి ఫోటో తీసి పెట్టింది. మా ఆయన కొత్త చొక్కాతో కూర్చున్నారు, ఒళ్ళో పాప. పక్కన ఖాళీ కుర్చీ. అది నా కోసం వేసిన కుర్చీ ఆపా. నేను రానన్నాక స్టూడియో వాడు దాన్ని పక్కకు జరపలేదట. పోయిన భార్య కోసం కుర్చీ ఖాళీగా వదిలి ఫోటో తీయించుకున్నాడని అక్కడ అందరూ అనుకున్నారు. మా ఆయన ఉత్తరంలో "నాకొక బిడ్డ ఉంది" అని రాశారు గాని నా మాట రాయలేదు. ఠీకరా మాట తప్పినందుకు సిగ్గుపడి, ఫోటోలో చూస్తే వాళ్ళకే తెలుస్తుందని వదిలేశారట. ఫోటోలో నేను లేను.

ఆయన సిగ్గూ నా సిగ్గూ కలిసి నన్ను చంపేశాయి. వాళ్ళేమో పాపం, తల్లి లేని పిల్లకు తల్లిని తెచ్చామనుకొని అంత దూరం వచ్చారు. ఫూఫీ కొంగున ఆ వెండి రూపాయి కూడా కట్టుకొని తెచ్చింది.

ఇక మెహరున్నీసా. సముద్రమూ లేదు, అత్తరూ లేదు. అడిగి తెచ్చుకున్న బురఖా, చేతుల దగ్గర పొట్టి. నా కన్నా సన్నం. నేను మొదట చూసింది ఆమె వేళ్ళు. చూపుడు వేలు పక్కన నల్లగా కాయ కట్టి ఉంది, బొటనవేలి గోరు ఒక వైపు అరిగి ఉంది. నా చేతిని కొంగు కింద దాచుకున్నాను. రెండూ ఒకటే చేతులు.

పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు కదా, పోలీసు ఆఫీసులో హాజరు వేయించుకొని వచ్చిన మరునాడు ఆమె వచ్చి, అడగకుండానే నా చాట ఒళ్ళో పెట్టుకొని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆమెకు తెలుగు వచ్చు. కరాచీ గల్లీవాళ్ళకు తెలియకూడని మాటలన్నీ ఆ ఇంట్లో తెలుగులోనే మాట్లాడుకుంటారట. ఆకు పట్టుకొని వాసన చూసి చెప్పింది. "యుద్ధమైనంక ఆకు బందైంది. ఇంకెక్కడెక్కడి ఆకో తెచ్చిండ్రు, చుడితే పగిలేటిది. కార్ఖాన సగం మూసిండ్రు. అబ్బా పోయిండు. పదేండ్లు నేను గంపెడాకు చూడలే." ఆమె నా కన్నా జోరుగా చుట్టింది. అత్తమ్మ ఆమె చేతుల వైపే చూస్తూ కూర్చుంది. నా చేతుల్ని ఎన్నడూ అట్లా చూడలేదు.

పగలంతా అత్తమ్మ, ఫూఫీ వంటింట్లో గుసగుస. "బయటి పిల్లా ఏంది, రక్తమే గదా. ఉన్నదాన్ని ఎల్లగొడతాన్నమా? ఇద్దరుంటరు" అని అత్తమ్మ అనడం విన్నాను. ఆయన్ని అడిగితే, "చూద్దాం తియ్" అన్నారు. వద్దు అనే మాట ఆయన నోట రాలేదు. ఆ రోజు అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. అందరూ మంచినీళ్ళు తాగుతూ తిన్నారు.

శుక్రవారం నాడు ఆయన జుమా నమాజుకని ఇంటికి వచ్చి వాకిట్లో చెంబు నీళ్ళతో వజూ చేసుకుంటున్నారు. అందరం అక్కడే ఉన్నాము. పోస్టుమాన్ ఉప్పలయ్య వచ్చాడు. చదువు రాని ఇళ్ళల్లో కార్డులు చదివి వినిపించడం అతనికి అలవాటు. నేను చెయ్యి చాపేలోగానే మొదలుపెట్టాడు. "ఆ కరాచీ ఆడదాన్ని గడప తొక్కనీయకు..."

ఆపా, నేల చీలి నన్ను మింగితే బాగుండుననుకున్నాను. అతను ఆగలేదు. చాట మాట, ఎదుట కూర్చోవడం మాట, ములుగు బస్సు మాట, అన్నీ చదివాడు. చివరన, "చదివి కాల్చెయ్యి అని గూడ రాసింది. చదువుడు నేను చదివిన. ఇగ కాలుసుడు మీ పని" అని కార్డు నా చేతిలో పెట్టి సైకిలెక్కాడు.

ఆయన చేతిలోని చెంబు అట్లాగే ఉండిపోయింది. అత్తమ్మ నన్ను తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో మెహరున్నీసా పకపకా నవ్వింది.

"గడప తొక్కి ఐదొద్దులాయె. చాట గూడ ముట్టిన. ఇప్పుడేం చెయ్యాలె చెప్పు, భాభీ?"

భాభీ అంది. నన్ను అన్న భార్యను చేసింది. అంటే ఆయన్ని అన్నను చేసింది. ఫూఫీ, "ఏందే ఆ మాట!" అని కేక వేసింది. మెహరున్నీసా లేచి తల్లి కొంగు ముడి తనే విప్పి, ఆ వెండి రూపాయి తెచ్చి అత్తమ్మ అరచేతిలో పెట్టింది.

"ముమానీ, మీ మాట మీకు. తల్లి లేని పిల్ల ఉందంటే వచ్చిన. తల్లి ఉంది, మంచిగ చుడతాంది గూడ. రెండో చాట పక్కన నేను కూసోను. మీరు ఆకు పంపుండ్రి చాలు. ఆకుంటే మాకు పని, పనుంటే నేనే బతుకుత. మొగన్ని మీరే ఉంచుకోండ్రి."

తరువాత నా వైపు తిరిగింది. "ఆ నమూనా బీడీలు నువ్వే చుట్టినవ్ గదా? ఇక్కడికొచ్చినంక నీ కొస మడత చూసి పట్టిన. అవి మా కార్ఖానల అందరి చేతులకిచ్చి గిట్ల చుట్టుండ్రి అన్నరు. నాకు కడుపు మండింది. గసొంటి ఆకు రోజూ ముట్టేటిది ఎవరో, ఎంత నసీబున్నదో అనుకున్న."

నా మీద కడుపు మండిందట ఆపా. మంచి ఆకు నేను జన్మలో ముట్టింది ఆ ఒక్క కట్టేనని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. అట్లాగే అనుకోనీ అనిపించింది.

ఆయన అప్పుడు చెంబు కింద పెట్టి, "అమ్మా, రూపాయి లోపల పెట్టు. అయిపోయింది" అన్నారు. ఆ ఒక్క మాట ముందే అని ఉంటే నాకు అన్నేసి రోజుల జ్వరం ఉండేది కాదు.

వాళ్ళు నిన్న పోయారు. ఆ ఎర్ర దుపట్టా అత్తమ్మ మెహరున్నీసాకే ఇచ్చి పంపింది. నేను వాకిట్లో వేరే పని ఉందని పోయి నల్లా తిప్పుకొని చాలాసేపు గిన్నెలు తోమాను.

నీ కార్డు నేనే పొయ్యిలో పెట్టాను. దీన్ని నువ్వు పెట్టు.

నీ సుల్తానా

*

వరంగల్,
29 ఏప్రిల్ 1977

ఫాతిమా ఆపాకు సుల్తానా సలాములు.

ఈ ఉత్తరం తొందరలో రాస్తున్నాను, అక్షరాలు తొక్కుకుంటే నీదే ఓపిక. ఇది తెచ్చేది మా ఇంటాయనే. కవరు అంటించాను, ఆయన విప్పరు.

బేరం కుదిరిందని నీకు బావ చెప్పే ఉంటాడు. మీ ఊళ్ళో గోదాముకు రేకులు కూడా పోయాయట. బావకు కుర్చీ వచ్చిందని విని నేను అల్లాకు దువా చేశాను. నీ మీద నాకు ఏ కోపమూ లేదు. మీ వాకిట్లో బోరింగు వేయిస్తే అది నాకు మొదట రాయి.

మల్లక్క అన్నట్టే అయింది. కార్ఖానా వాళ్ళు ఇప్పుడిచ్చే ఆకు చూస్తే ఏడుపొస్తుంది. నిన్న నా బీడీలు సగం పక్కన పడేశారు. "మీ ఆయినె మంచాకు ఓడెక్కిస్తాండు, మనకు దుమ్మెక్కిస్తాండు" అని మల్లక్క గల్లీ అంతా పాడుతోంది. ఆయన వింటూ తల వంచుకొని పోతారు. నేను ఆయన తరఫున ఒక్క మాటైనా మాట్లాడను.

కరాచీకి పోయే మొదటి సరుకు కదా, కట్ట కట్టా తానే చూసి ఏరాలని ఆయన మీ కల్లానికి వస్తున్నారు. గుమాస్తాకు ఆకు ఏరే పనేమిటి ఆపా? ఆమె మొగన్ని మీరే ఉంచుకోండ్రి అన్నప్పుడు ఆయన ముఖం నేను చూశాను. నవ్వారు. నా మాటకు ఆయన ఎన్నడూ అట్లా నవ్వలేదు. ఏరేటప్పుడు నువ్వు పక్కన నిలబడి చూడు. ఏదైనా కట్ట మిగతావాటి కన్నా ఎక్కువసేపు చేతిలో పెట్టుకుంటే నాకు చెప్పకు.

ఆమెకు మంచి ఆకే పోనీ. పదేళ్ళు ఆకు లేని చేతులు అవి, నేను చూశాను. మచ్చ లేనిది, మెత్తనిది, చిలుకమ్మ వాళ్ళు తెచ్చిన వాటిలో మేలైనది ఏరి పంపు. ఇది మనసారా రాస్తున్నాను.

కాని మీ ఇంటి చూరులో పోయినేటి మచ్చాకు కట్ట ఒకటి ఉందన్నావు కదా. బావ చూడకుండా, ఆయన చూడకుండా, ఒక్క గోనెసంచి అడుగున అదొక్కటి పెట్టు. ఒక్కటే. దానివల్ల బేరం పోదు. ఒక్క రోజు, ఒక్క పూట, ఆమె చేతిలో బీడీ సరిగా చుట్టుకోకూడదు. అంతే.

ఈసారి రెండుసార్లు చదువు ఆపా. చదివి, కట్ట పెట్టి, అప్పుడు కాల్చు.

నీ చెల్లెలు
సుల్తానా